చప్పిడి ముక్కుకొచ్చిన బ్రెడ్డు

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం, ఇది జరిగినప్పుడు నాకు సంతకం తప్ప వేరే అక్షరాలు రావు. చిన్నప్పుడు ఆసిఫాబాద్ దగ్గర మా ఊళ్లో మేకల వెంట తిరిగాను. పెళ్లయ్యాక బెల్లంపల్లి వచ్చి పిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. గోడకు అవతల పిల్లలు అ ఆలు చదువుతుంటే, ఇవతల నేను అన్నం వార్చేదాన్ని. అన్నం ముద్దగా అయితే వార్డెన్ తిడుతుంది కాబట్టి నా ధ్యాసంతా గంజి మీద ఉండేది. పని మానేశాక, మా చర్చి అయ్యగారి భార్య ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెడితే అప్పుడు కూర్చున్నాను. ముందు నా పేరు, తర్వాత పాటల పుస్తకం, తర్వాత బైబిలు, ఆ తర్వాత బస్సుల మీది బోర్డులు.

అక్షరాలన్నీ వచ్చాక కూడా రాయలేదు. దానికి కారణం మా ఆయన. "చర్చి సంఘపోళ్లు తెచ్చిన బ్రెడ్డు అరిగేదాక రాయకు" అన్నాడు. బ్రెడ్డు ఎప్పుడో అరిగింది. ఇప్పుడు ఆయనే టీకొట్టు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకు ఈ కథ చెబుతున్నాడు. ఆయన చెప్పే కథలో కుక్కను బతికించింది ఆయనే. అందుకని, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. పగ్ అంటారు. పరుగెత్తుకుంటూ వచ్చి మూసిన తలుపుకు గుద్దుకున్నట్టుంటుంది వాడి ముఖం. ముక్కు ఉండాల్సిన చోట రెండు మడతలు, వాటి మధ్య ఒక నల్లటి గుండీ. తోక జిలేబీలా చుట్టుకుని ఉంటుంది. పక్క క్వార్టర్‌లో ఉండే సూపర్‌వైజర్ వాళ్లు భూపాలపల్లికి బదిలీ అయినప్పుడు, అక్కడ ఇల్లు సర్దుకునేవరకు ఉంచుకోండి అని ఇచ్చి వెళ్లారు. వాళ్ల ఇల్లు ఇంకా సర్దుకోలేదు. వాడికి వాళ్లు పెట్టిన ఇంగ్లీషు పేరు ఒకటుంది. ఆ పేరుకు పలకడు. గిన్నె చప్పుడుకు పలుకుతాడు.

వాడు కూర్చుంటే చప్పుడు, నిలబడితే చప్పుడు, పడుకుంటే పిండిమర. మా ఆయన బొగ్గుబావిలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆయనకూ గురక ఉంది. కానీ కుక్క వచ్చిన రోజు నుంచి ఆయన తన గురకంతా దాని మీద వేశాడు. "నాది గాదే, గానిది" అనేవాడు. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే గదిలో పడుకునేవారు కాబట్టి ఎవరి చప్పుడు ఎవరిదో తేల్చడం నా వల్ల కాలేదు.

ఆ ఏడు శివరాత్రి దాటగానే ఎండ ముదిరింది. ఒక మధ్యాహ్నం పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్తుంటే వాడూ వెంటబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే దారి మధ్యలో కూలబడి ఉన్నాడు. నాలుక నేరేడు పండ్లు తిన్నట్టు నల్లబడింది. ఎత్తుకుని ఇంటికి పరుగెత్తాను. మా ఆయన బిందెడు నీళ్లు తెచ్చి కుమ్మరించాడు. ఎక్కువ నా మీదే పడ్డాయి. కాసేపటికి వాడు తేరుకున్నాడు.

మా ఊరి పశువుల డాక్టరు వాడి నోరు తెరిచి చూసి, "గిది బర్రె గాదమ్మా, నాకు గీ ముక్కు సంగతి తెల్వది. కరీంనగర్ తీస్కపోండ్రి" అన్నాడు. శనివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే వాడిని కూరగాయల సంచిలో తల బయటికి పెట్టి కూర్చోబెట్టి, రైల్లో పెద్దపల్లి వరకు, అక్కడి నుంచి బస్సులో వెళ్లాం. రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలాయన వాడిని చాలాసేపు చూసి, "గట్ల మూతి పలగ్గొట్టింది ఎవలు బిడ్డా?" అని జాలిపడ్డాడు.

కరీంనగర్ డాక్టరు చిన్న వయసు పిల్ల. నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ముక్కు రంధ్రాలు పెసరగింజ కూడా పట్టనంత ఉన్నాయట. నోటి వెనక ఉండే మెత్తటి అంగిలి ఆ కురచ ముఖానికి మించి పొడుగ్గా ఉందట. అది పరదాలా జారి గాలిగొట్టం మీద పడుతోందట. రంధ్రాలు వెడల్పు చేసి, పరదా కత్తిరిస్తే గాలి ఆడుతుందట.

"కానీ మత్తు ఇయ్యడమే ఇట్లాంటి కుక్కలకు గండమమ్మా," అంది. "లేచేటప్పుడు గొంతు వాస్తే ఊపిరి అందదు. చేయించకపోతే మాత్రం మీ ఎండలకు వీడు తట్టుకుంటాడని నేను చెప్పలేను. హైదరాబాద్ నుంచి సర్జన్ గారు నెలకోసారి వస్తారు. ఈసారి వచ్చే శుక్రవారం. గురువారంలోగా చెప్పండి. చేద్దామా?"

ఆమె నన్నే చూస్తూ అడిగింది. నేను మా ఆయనను చూశాను. ఆయన కుక్కను చూశాడు. కుక్క డాక్టరు బల్ల మీది బిస్కెట్ డబ్బాను చూసింది.

నా పెళ్లి మా బాపు తేల్చాడు. నా పని వార్డెన్ తేల్చింది. ఇంట్లో ఏ రంగు వేయాలన్నది కూడా క్వార్టర్ ఇచ్చిన బొగ్గు కంపెనీవాళ్లే తేల్చారు. ఏం చేద్దాం అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. అడిగింది ఒక ప్రాణం గురించి.

"చెప్తాం బిడ్డా" అని లేచి వచ్చేశాను.

తిరుగు రైల్లో మా ఆయనను అడిగాను. ఆయన గంభీరంగా, "బాయిల గాలి ఆడకపోతె ఇంకో తొవ్వ తవ్వుతం" అన్నాడు.

"అంటే చేపిద్దామా?"

"తవ్వేటప్పుడు పైకప్పు కూలుతది గూడ."

"అంటే వద్దా?"

"గదే చెప్తున్న. ఆలోచించాలె."

ఆయన సలహా మంచిర్యాల వచ్చేవరకు అలాగే నడిచింది. ఆ తర్వాత నిద్రపోయాడు.

మరుసటి రోజు ఆదివారం. మా సంఘంలో ప్రసంగానికి ముందు ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఎవరి కష్టం వాళ్లు లేచి చెబితే అయ్యగారు అందరి కోసం ప్రార్థిస్తారు. ఒకామె దుబాయ్‌లో ఉన్న కొడుకు వీసా గురించి చెప్పింది. ఒకాయన మోకాలి గురించి చెప్పాడు. ఒకామె తన బర్రె ఈనాలని చెప్పింది. బర్రెకు మనవి చెప్పొచ్చు, పాలిస్తుంది. ఒకసారి కోళ్లకు కూడా చెప్పారు. కుక్కకు ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఆ సంగతి లేచి నిలబడ్డాక గుర్తొచ్చింది.

"మా ఇంట్ల ఊపిరి ఆడ్తలేదు అయ్యగారు," అన్నాను. "గొంతుకు ఆపరేషన్ అంటున్నరు. చేపియ్యాల్నో వద్దో తెలుస్తలేదు. పానం మీదికొచ్చింది." ఎవరికో చెప్పకుండానే కూర్చున్నాను.

సంఘమంతా ఒక్కసారి మగవాళ్ల వైపు తిరిగింది. అక్కడ మా ఆయన గోడకు ఆనుకుని, నోరు తెరిచి, గుర్రుమని నిద్రపోతున్నాడు. గొంతు ఆపరేషన్ కావాల్సిన మనిషిని చూపించమంటే ఆయన్నే చూపించొచ్చు. నా పక్కనామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్వడం మొదలుపెట్టింది. అయ్యగారు వేదిక దిగి వచ్చి మా ఆయన నెత్తి మీద చెయ్యిపెట్టారు. మా ఆయన ఉలిక్కిపడి లేచి, చందా వేళ అయిందనుకుని జేబు తడుముకున్నాడు. తర్వాత అందరూ కళ్లు మూసుకోవడం చూసి తనూ మూసుకున్నాడు. "ఆమెన్" మాత్రం అందరికంటే గట్టిగా అన్నాడు.

ఇంటికొస్తూ దారిలో సంగతి చెప్పాను. ఇప్పుడే వెనక్కి పోయి కుక్కకని చెప్పొస్తానన్నాను.

"వద్దే," అన్నాడు. "అయ్యగారు నా నెత్తి మీద చెయ్యివెట్టి ఏడ్సిండు. గిప్పుడు కుక్కకంటె ఆయన ముఖం ఏడ వెట్టుకుంటడు? రెండు రోజులైతె వాళ్లే మర్సిపోతరు."

మర్చిపోలేదు. మంగళవారం స్త్రీల సమాజం వాళ్లు వచ్చారు. మా దగ్గర రోగిని చూడటానికి ఎవరూ వట్టి చేతులతో రారు. బ్రెడ్డు ప్యాకెట్, బత్తాయిలు, పాలల్లో కలుపుకునే పొడి డబ్బా, ఇవి లేనిదే గడప తొక్కరు. వాళ్లు గేటు తీస్తున్న చప్పుడు వినగానే మా ఆయన కుక్కను వెనక గదిలో ఫ్యాను కింద పెట్టి తలుపు మూశాడు. తను శాలువా కప్పుకుని మంచం మీద పడుకున్నాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి.

సమాజానికి పెద్ద ఒక పెద్దమ్మ. ఎవరింట్లో ఏ నొప్పి వచ్చినా ముందు ఆమెకు తెలియాలి. ఆమె కుర్చీ నా దగ్గరికి లాక్కుని మెల్లగా అడిగింది.

"తిండి పోతున్నదా బిడ్డా?"

నా మనసంతా వెనక గదిలో ఉంది. ఫ్యాను తిరుగుతోందో లేదో అని చెవి అటే పెట్టాను. ఆమె అడిగినదానికి నోటికొచ్చిన నిజం చెప్పాను.

"పోతున్నది పెద్దమ్మా. గిన్నె నాకిందాక ఇడువడు."

"నిద్ర?"

"నా కాళ్లకాడ బోర్ల పంటడు."

"జర నడిపిస్తున్నవా?"

"తాడు గట్టి గేటుదాక తీస్కపోతున్న."

పెద్దమ్మ మా ఆయన వైపు చూసింది. ఆయన శాలువా ముఖం మీదికి లాక్కున్నాడు.

"కోపానికొస్తుండా?" అని ఇంకా మెల్లగా అడిగింది.

"పిల్లి కనవడ్తెనే."

మా ఆయన శాలువా లోపల దగ్గాడు. ఆడవాళ్లందరూ "అయ్యో పాపం" అన్నారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా మాటిను. కోతకు పోవద్దు. మా మరిది గురకకు ఆపరేషన్ చేపిచ్చుకుండు. గురక పోయింది, గొంతు గూడ పోయింది. గిప్పుడు ఆయన పిలుస్తె మేకలు గూడ తిరిగి సూస్తలెవ్వు."

"నువ్వట్ల బెదిరియ్యకు అత్తా," అంది దుబాయ్ కొడుకు తల్లి. "చేపియ్యకపోతె బెల్లంపల్లి ఎండకు ఆగుతడా? నా పెనిమిటి గట్లనే, రేపు జూద్దాం ఎల్లుండి జూద్దాం అనుకుంట సూస్తనే ఉన్నం. సూస్తనే పాయె."

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసింది. నాకు ఆ మాట వెనక గది తలుపు దాటి లోపలికి వెళ్లినట్టనిపించింది.

వాళ్లు వెళ్లాక మా ఆయన లేచి బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తిన్నాడు. "బిమారి మంచిగనే ఉన్నదే" అన్నాడు. సగం వెనక గదిలో ఉన్న అసలు రోగికి పెట్టాడు. నేను అలిగి బయట అరుగు మీద కూర్చున్నాను. గురువారం దగ్గర పడుతోంది. డాక్టరుకు ఏం చెప్పాలో నాకింకా తెలియదు. చేయిస్తే బల్ల మీదే పోతాడేమో. అప్పుడు, ఊరికే ఉన్నవాడిని నేను తీసుకెళ్లి చంపినట్టు. చేయించకపోతే దేవుడి మీద వేయొచ్చు. ఆ మాట అనుకోగానే నా మీద నాకే చిరాకేసింది.

బుధవారం సాయంత్రం అయ్యగారు, అమ్మగారు, సమాజం వాళ్లు మా ఇంటి వసారాలో ప్రార్థన కూటానికి వచ్చారు. కుక్క మళ్లీ వెనక గదిలో. అయ్యగారు కళ్లు మూసుకుని, గొంతు గురించి, ఊపిరి గురించి, కత్తి పట్టే డాక్టర్ల చేతుల గురించి చాలా బాగా ప్రార్థిస్తున్నారు. మధ్యలో కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగిపోయాయి. వెనక గదిలోంచి చప్పుడు పెరిగింది. అందరూ మా ఆయన దగ్గుతున్నాడనుకున్నారు. ఆయన నోరు గట్టిగా మూసి ఉంది. ఒక్కొక్కరే కళ్లు తెరిచి ఆయన నోటి వైపు చూడటం మొదలుపెట్టారు. చప్పుడు గీరుకుపోయింది. తర్వాత ఆగిపోయింది.

ఆ చప్పుడు ఆగాలని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో. ఆగగానే ప్రార్థన మధ్యలో లేచి పరుగెత్తాను. వాడు తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి పడిపోయి ఉన్నాడు. ఎత్తుకొచ్చి వసారాలో, అందరి మధ్య, గాలి తగిలే చోట పెట్టాను. డాక్టరు పిల్ల చెప్పినట్టే నోరు తెరిచి నాలుక ముందుకు లాగాను. కొంగు కడవలో ముంచి పొట్ట మీద, పాదాల మీద అద్దాను.

"నిలవడి సూస్తరేంది? ఇసరుండ్రి!" అని అరిచాను. అయ్యగారి ముందు నేనంత గొంతెత్తడం అదే మొదలు. పాటల పుస్తకాలు లేచాయి. పది పుస్తకాలు ఒకేసారి ఊగాయి. అయ్యగారు కూడా తన పుస్తకంతో విసిరారు. మా ఆయన ఒక్కడే కదల్లేదు. బిందె పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాడు.

వాడి పొట్ట ఒకసారి ఎగసింది. ఆగింది. మళ్లీ ఎగసింది. తర్వాత తుమ్మాడు. అయ్యగారి తెల్ల చొక్కా మీద.

పెద్దమ్మ కుక్కను చూసింది, మా ఆయన మెడలో శాలువాను చూసింది, నన్ను చూసింది.

"గిన్నె నాకింది గీడేనా?"

"ఔ పెద్దమ్మా."

"కాళ్లకాడ పండేది?"

"గీడే."

"మరి మా బ్రెడ్డు తిన్నదెవలు?"

మా ఆయన బిందె దించి, "సగం సగం పెద్దమ్మా" అన్నాడు.

ముందు అమ్మగారు నవ్వింది. ఆమె నవ్వితే మిగతావాళ్లకు సెలవిచ్చినట్టే. నేను అయ్యగారి దగ్గర తల వంచుకుని, "కుక్కకని చెప్పనీకె సిగ్గైంది అయ్యగారు" అన్నాను. ఆయన చొక్కా తుడుచుకుంటూ, "నేను వేరే నెత్తి మీద చెయ్యి పెట్టిన గానీ తల్లీ, పైనున్నాయనకు ఇంటి అడ్రస్ తెలుసు గద" అన్నారు.

వాడు నా ఒళ్లో వగరుస్తున్నాడు. వాడి గుండె నా అరచేతికి తగులుతోంది. అప్పుడు నాకు అర్థమైంది. ఆపరేషన్ బల్ల మీద పోవచ్చు. ఇంట్లో కరెంటు పోయినా ప్రాణం పోవచ్చు. బల్ల మీదైతే పక్కన డాక్టరు ఉంటుంది. ఇంట్లో అయితే నేను, నా తడి కొంగు. అంతే.

"చేపిస్తున్న," అన్నాను.

మా ఆయన, "జర ఆలోచించి..." అన్నాడు.

"నువ్వు ఆలోచించు. నేను ఫోన్ చేస్త."

అందరి ముందే చేశాను. పెద్దమ్మ, "మీ ఆయనకైతె వద్దన్న గానీ, గీడికైతె చేపియ్యి బిడ్డా. గీడు పాపం గొంతుతోని మేకల్ని పిలిచేదున్నదా" అంది.

శుక్రవారం కరీంనగర్‌లో కాగితం మీద సంతకం అడిగారు. నా వాలకం చూసి అక్కడి అమ్మాయి వేలిముద్ర డబ్బా జరిపింది. నేను పెన్ను అడిగాను. సంతకం చేసి కాగితం వెనక్కి జరిపాను.

వాడిని లోపలికి తీసుకెళ్లాక మా ఆయనా నేనూ బయట అరుగు మీద కూర్చున్నాం. ఆయన అలవాటు కొద్దీ శాలువా కూడా తెచ్చుకున్నాడు. పెద్దమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. "లేసిండా? ఇంకా లేవలేదా? ఎవరన్న పిల్లిని సూపియ్యిండ్రి, లేస్తడు" అంటోంది. నాకు నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు. లోపలి తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నా అది మా కోసం కాదు.

చివరికి డాక్టరు పిల్ల చిన్న పళ్లెం పట్టుకుని వచ్చింది. అందులో చిటికెన వేలి గోరంత మెత్తటి ముక్క ఉంది. "ఇదే పరదా. లేచాడు. గొంతు వాపు లేదు. ఈ రాత్రికి మా దగ్గరే ఉంచుకుంటాం" అంది.

మా ఆయన దాన్ని వంగి చూసి, "గింత దానికేనా గంత సప్పుడు!" అన్నాడు. తర్వాత శాలువాతో కళ్లు తుడుచుకున్నాడు. దాన్ని తెచ్చినందుకు అది ఆ ఒక్కసారి పనికొచ్చింది.

శనివారం సాయంత్రం చల్లబడ్డాక కారు మాట్లాడుకుని ఇంటికి తెచ్చాం. మెత్తటి జావ నాలుగు చెంచాలు తాగి, నా కాళ్ల దగ్గర పడుకున్నాడు. చప్పుడు లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గాలి తగిలింది, సన్నగా, చల్లగా. మళ్లీ చూశాను. మళ్లీ తగిలింది.

మా ఆయన అలసిపోయి కుర్చీలోనే కునుకు తీశాడు. అప్పుడు మొదలైంది. గోడకు వేలాడే క్యాలెండర్ కదిలింది. బయట కట్టేసిన పక్కింటి మేక అరిచింది. కుక్క తలెత్తి, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందా అని మా ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ ఇంట్లో అన్నేళ్లుగా ఎవరి పేరున ఎవరు గురక పెట్టారో నాకూ వాడికీ ఒకేసారి తెలిసింది.

మర్నాడు పొద్దున మా ఆయనను, తడి తువ్వాలును కుక్కకు కాపలా పెట్టి, నేనొక్కదాన్నే చర్చికి వెళ్లాను. మనవి చెప్పినవాళ్లు మేలు జరిగాక లేచి సాక్ష్యం చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. నా వంతు వచ్చేవరకు ఆగలేదు. ముందే లేచాను.

"మా కుక్కకు ఆపరేషన్ అయింది," అన్నాను, వెనక వరసకు కూడా వినబడేట్టు. "మా కుక్క ఇప్పుడు ముక్కుతోని గాలి పీలుస్తున్నది. దేవునికి స్తోత్రం."

అందరూ "స్తోత్రం" అన్నారు. మెల్లగానే అయినా అన్నారు. కూర్చోబోయి, మళ్లీ నిలబడ్డాను.

"ఇంకో మనవి ఉన్నది అయ్యగారు. గురక గురించి. ఈసారి మా ఆయనకే."

ముందు వరసలోంచి పెద్దమ్మ వెనక్కి తిరిగింది.

"ప్రార్థన చేస్తం బిడ్డా," అంది. "బ్రెడ్డు మాత్రం తేము."

నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను.